వెన్నులోని తీగెలు, చర్మము క్రింది పెట్టె

తుపాకిగుండు తగిలిన గాయము మాని, కుట్లు ఊడి, మచ్చ తెల్లబారి, పింఛను కాగితములు సైతము చేతికందిన పిమ్మటను, ఏండ్ల తరబడి కాలు మండుచు, గుంజుచు, సలుపుచునే యుండుట మాజీ సైనికులలో పలువురు ఎరిగిన బాధయే. అమెరికా అంతర్యుద్ధమున నరములు దెబ్బతిన్న సిపాయిలకు చికిత్స చేసిన వైర్ మిచెల్, సహవైద్యులతో గూడి 1864లో ప్రకటించిన గ్రంథమున ఈ మంటను సవిస్తరముగా వర్ణించెను. కండ మానినను నరము మానకపోవచ్చుననియు, అట్టి నరము కొత్త దెబ్బ యేదియు లేకయే మెదడునకు బాధావార్తలు పంపుచుండుననియు నేడు మనకు తెలియును.

1965లో మెల్జాక్, వాల్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు, స్పర్శను మోసికొనిపోవు లావైన నరపుపోగులును నొప్పిని మోసికొనిపోవు సన్నని పోగులును వెన్నుపామునందు ఒకచోట కలిసికొనుననియు, లావుపోగులలో సంచలనము హెచ్చినపుడు సన్నపోగుల వార్తకు అచ్చటి ద్వారము మూసికొనుననియు ప్రతిపాదించిరి. దెబ్బ తగిలిన మోకాలిని ఎవరును నేర్పకయే చేతితో రుద్దుకొందుమే, అందలి ఉపశమనము ఇట్టిదే. ఆ సిద్ధాంతము వివరములలో పిమ్మట పెక్కు సవరణలు పొందినది గాని, దానినుండి పుట్టిన చికిత్స మాత్రము నిలిచినది: 1967లో నార్మన్ షీలీ అను అమెరికా శస్త్రవైద్యుడు క్యాన్సరు నొప్పితో కృశించుచున్న ఒక రోగి వెన్నుపాము చెంత విద్యుత్పరికరము నమర్చెను.

నేటి పరికరమున తీగెలు వెన్నెముక లోపల, వెన్నుపామును కప్పిన పొరకు వెలుపల నుండును. పెట్టె పిరుదు పైభాగమునగాని పొట్టవద్దగాని చర్మము క్రింద నుండును. అందలి బ్యాటరీ సెకనుకు కొన్ని పదుల మారులు స్వల్పవిద్యుత్తును పంపగా, నొప్పియున్నచోట రోగికి మెల్లని తిమ్మిరి తోచును. సెకనుకు 10,000 మారులు స్పందించు కొత్తరకములలో ఆ తిమ్మిరియు నుండదు. నొప్పి సమూలముగా పోవునని ఆశించరాదు. సగము తగ్గినచో వైద్యులు దానిని విజయముగానే ఎంచుదురు.

ఇక పెట్టెను మార్చవలెనని వైద్యుడనగానే, మొదటి ఆపరేషను చెడినది గాబోలునని ఇంటివారు దిగులుపడుదురు. చెడినది చికిత్స కాదు, తీరినది బ్యాటరీ ఆయువు. ఛార్జి చేయ వీలులేని రకము వాడుకను బట్టి సుమారు 2 నుండి 5 ఏండ్లును, చర్మము మీదినుండి ఛార్జి చేసికొను రకము 10 ఏండ్ల వరకును పనిచేయును. తీగెలను కదల్పక పెట్టెను మాత్రమే మార్చు ఈ సంగతిని వరంగల్లు వైపు మొగుళ్లపల్లి పత్తిరైతునకు వేరుగ బోధింప నక్కరలేదు. బావిలోని మోటారును పైకి తీయకయే గట్టుమీది స్టార్టరు డబ్బాను మార్చుట యాతడెరిగిన పనియే. పాత మచ్చవద్దనే కోసి, పెట్టెను వెలికిదీసి, తీగెలలో కరెంటు సక్రమముగా పారుచున్నదో లేదో కొలిచి చూచి, వానిని కొత్త పెట్టెకు తగిలించి కుట్టివేయుదురు. తీగె విరిగినను, చోటు తప్పినను మాత్రము మరల వెన్ను జోలికి పోవలసివచ్చును; అపుడది పెద్దపనియే. అన్నిటికంటె భయపడవలసినది చీము: క్రిములు పెట్టెను చేరినచో మందులకు లొంగుట అరుదు, తరచు పరికరమంతయు తీసివేయవలసినదే. కావున మధుమేహమును అదుపునకు తెచ్చికొనుటయు, రక్తము పలుచబరచు మాత్రల సంగతి ముందుగా వైద్యునకు చెప్పుటయు మరువరాదు.

పెట్టె మార్పిడి నొప్పిరోగులకే పరిమితము గాదు. 1958లో స్వీడనునందు ప్రపంచమున మొట్టమొదట దేహములో గుండెకు పేస్‌మేకరు నమర్చుకొనిన ఆర్నె లార్సన్, తరువాతి జీవితమున 20కి పైగా పెట్టెలు మార్పించుకొని, 86 ఏండ్ల వయసున 2001లో మరణించెను. హైదరాబాదు పంజాగుట్టలోని నిమ్స్ ఆస్పత్రియందు పార్కిన్సన్ రోగులకు మెదడులో తీగెలమర్చు శస్త్రచికిత్స చాలకాలముగా జరుగుచున్నది. వారి పెట్టెలకును ఈ మార్పిడి తప్పదు. వారి విషయమున జాప్యము మరింత చేటు, ఏలయన బ్యాటరీ ఒక్కసారిగా ఆగినచో అవయవములు బిగిసి మనిషి మంచము పట్టవచ్చును. నొప్పిరోగికి తిరిగివచ్చునది నొప్పియే; అయినను అది స్వల్పమని అనుభవింపనివారే అనగలరు.

ఏ రకము పెట్టె మేలన్న ప్రశ్నకు నా సమాధానము ఊరిని బట్టి యుండును. ఛార్జి చేసికొను రకమునకు వెల హెచ్చు, పైగా తరచు చర్మముపై ఛార్జరు నానించుకొని కదలక కూర్చుండవలెను. వ్రేళ్లు వణకు ముసలివానికి అది ఇబ్బందియే. కాని మొగుళ్లపల్లినుండి పరకాల, వరంగల్లు మీదుగా సుమారు రెండు వందల కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాదు చేరవలసిన మాజీ సైనికునకు, కొన్నేండ్లకొకమారు కత్తికి లోబడుటకంటె, ఇంటియరుగుపై అట్లు కూర్చుండుటయే సుకరమని తోచుచున్నది.