సముద్రం దాటే పాత పుస్తకాలు: బస్తర్ తెలుగువారికి ఒక జాగ్రత్త

తొలి తెలుగు అచ్చు పుస్తకాలు మన నేలమీద పుట్టలేదు. మద్రాసులో పనిచేసి వెళ్లిన మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1746లో జర్మనీలోని హాలేలో వాటిని అచ్చు వేయించాడు. తర్వాత ఓడలు మన నేల నుంచే నిండుగా బయల్దేరాయి. మన రాతప్రతులు ఎన్నో లండన్‌లో ఈస్టిండియా కంపెనీ గ్రంథాలయానికి చేరాయి. 1830లలో సెలవు మీద ఇంగ్లండ్ వెళ్లిన సి.పి. బ్రౌన్ వాటిని చూసి, మద్రాసుకు తిరిగి పంపే ఏర్పాటు చేశాడు. ఆ ఒక్క పనికే ఆయనకు చేతులెత్తి మొక్కాలి. అయినా అక్కడ మిగిలినవి, కొత్తగా చేరినవి తక్కువేమీ కావు: 1912లో బార్నెట్ అనే పండితుడు బ్రిటిష్ మ్యూజియంలోని తెలుగు పుస్తకాలకే ఒక జాబితా గ్రంథం వెలువరించాడు. బస్తర్ పాలనాధికారిగా ఉన్న గ్రిగ్సన్ మాడియా గోండుల మీద రాసిన పుస్తకం కూడా 1938లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ ద్వారా లండన్‌లోనే వచ్చింది.

ఇప్పుడు ఆ దారిలో బస్తర్ నుంచి విదేశాలకు పుస్తకాలు తెస్తున్నది మనమే. నాది ఎగుమతి కాగితాలు చూసే ఉద్యోగం కాబట్టి మన కమిటీవారు దీని గురించి నన్ను రాయమన్నారు. మా పెద్దమ్మ ఇచ్చిన తాటాకుల కట్ట ఒకటి విమానాశ్రయంలో ఆగిపోయిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఫ్లైటు టైమవుతోంది, చేతిలో కాగితం లేదు.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం, చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతికి 75 ఏళ్లు నిండితే అది పురావస్తువు. ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన సంస్థ గానీ తప్ప ఎవరూ దాన్ని దేశం దాటించకూడదు. దాటిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా. "అది మా తాతగారిది" అన్నా చెల్లదు. అచ్చు పుస్తకమే కదా అని ధీమా వద్దు. నూరేళ్లు దాటినదైతే అధికారికి అనుమానం రావచ్చు. అనుమానమున్న ప్రతిదానికీ ఆర్కియలాజికల్ సర్వేవారి నుంచి "పురావస్తువు కాదు" అనే ధ్రువపత్రం ముందే తీసుకోవాలి. ఫోటోలతో దరఖాస్తు పెట్టాలి, వస్తువును చూపించాలి. టికెట్ కొన్నాక మొదలుపెడితే అందదు.

అసలు తీసుకురావడం ఎందుకు? ఓరుగల్లు నుంచి అన్నమదేవుడు వచ్చి ఏలిన నేల మన బస్తర్. కుంట, భోపాలపట్నం వైపు ఈనాటికీ తెలుగు వీధుల్లో వినబడుతుంది. ఆ పుస్తకాలు అక్కడే ఉంటే చదివే పిల్లలు అక్కడా ఉంటారు. అందుకే ఈ దసరాకు జగదల్‌పూర్ వెళ్లేవారు పుస్తకాలు తెచ్చే బదులు వాటి ప్రతి పుటా స్కాన్ చేయండి. అచ్చుకూటం పేరు, సంవత్సరం ఉన్న పుటను మాత్రం వదలకండి. పాత కాగితాన్ని బలవంతంగా తెరిచి నొక్కవద్దు. జాబితా రాసి కమిటీకి పంపండి, అన్నిటినీ ఒకచోట చేర్చే పని నేను చూసుకుంటాను.