కాలిన మోటర్ ఏం చెప్తదో ముందుగాల ఇను

పదో తరగతి అయిపోంగనే మండలంల ఉన్న ఒక మోటర్ వైండింగ్ దుకాణంల పనికి కుదిరిన. మొదటి రెండు నెలలు ఉస్తాద్ నన్ను కొత్త వైరు ముట్టనియ్యలే. కాలిన మోటర్లు ఊడదీసుడు, నల్లబడ్డ కాయిళ్లు కోసి గుంజుడు, గాడులు గీకి సాఫ్ జేసుడు, నడుమ నడుమ చాయ్ తెచ్చుడు. గిదే పని. "గీ గీకుడు నేర్సుకునేతందుకు ఉస్తాద్ ఎందుకు?" అని లోపల గులుక్కునేటోన్ని. అసలు చదువు ఆ గీకుడులనే ఉన్నదని తెలిసేసరికి ఒక రైతు మడి ఎండిపోయింది.

ముందు పని సంగతి చెప్త. మోటర్ల స్టేటర్ అని ఇనుప గుండ్రం ఉంటది. దాని లోపల వరుసగ గాడులుంటయ్, వాటినే స్లాట్లు అంటరు. మా దిక్కు వచ్చే బోరు మోటర్లల్ల 24 స్లాట్లయి శానా ఉంటయ్. మూడు ఫేజులకు తలా ఎనిమిది. కాలిన కాయిల్ పీకకముందే ఏ స్లాట్ల మొదలై ఏ స్లాట్ల దిగింది, ఎన్ని చుట్లున్నయ్, వైరు మందమెంత అని నోట్‌బుక్కుల రాసుకోవాలె. పీకినంక రాద్దామంటే ఏం మిగలదు.

వైరు మందం దగ్గర్నే నియ్యతి తెలుస్తది. 20 గేజ్ వైరు 0.914 మిల్లీమీటర్లు, 21 గేజ్ 0.813. కంటికి పెద్ద ఫరక్ కనబడది. గని లోపల రాగి ఐదో వంతు తగ్గుతది, అడ్డుకునే గుణం నాలుగో వంతు పెరుగుతది. అంటే అదే కరెంటుకు మోటర్ ఎక్కువ కాగుతది. సన్నం వైరు ఏస్తే దుకాణానికి రాగి మిగులుతది, రైతుకు మోటర్ మిగలది. "రైతు లోపలికి తొంగి చూడడు, గందుకే మనం చూడాలె" అనేటోడు ఉస్తాద్.

ఏడాది అయినంక చెయ్యి కుదిరింది. అది యాసంగి, వరి పొట్టకొచ్చిన టైం. ఉస్తాద్ పెండ్లికి ఊరికి పోయిండు. ఒక మామ 5 హెచ్‌పీ బోరు మోటర్ ట్రాలీల ఏసుకొని వచ్చిండు. "ఉస్తాద్ వచ్చేదాంక ఆగలేను కొడుకా, మడి నెర్రెలు వారుతున్నది" అన్నడు. నేనే కట్టిన. చుట్లు లెక్కవెట్టిన, గేజ్ కొలిసిన, కట్టినంక నీళ్లల్ల ముంచి మెగ్గర్ వెట్టి సూసిన. అన్నీ మంచిగున్నయ్. ఛాతి ఇంత పొంగింది.

ఐదో రోజు అదే మోటర్ మళ్ల వచ్చింది. మళ్ల కాలింది.

ఉస్తాద్ తిట్టలే. ఒక్కటే అడిగిండు: "మొదటిసారి కాలినప్పుడు ఎన్ని ఫేజులు నల్లగున్నయిరా?" నాకు యాదికి లేదు. నేను కాలిన వైరును చెత్త లెక్క చూసిన, పీకి పారేసిన. అప్పుడు ఆయన రెండోసారి కాలిన స్టేటర్ నా ముంగట వెట్టిండు. రెండు ఫేజులు బొగ్గు, మూడోది కొత్త వైరు లెక్క మెరుస్తున్నది.

దాని అర్థం ఏందంటే, మూడు ఫేజులల్ల ఒకటి రాలే. మోటర్ బుర్రుమని మూలుగుతది, ఉన్న రెండు ఫేజులే బరువంత మోస్తయ్, కాలిపోతయ్. ఇది స్టార్ కనెక్షన్ సంగతి. డెల్టా కనెక్షనైతే ఉల్టా: ఒక ఫేజు కాలి రెండు బాగుంటయ్. మూడు ఫేజులూ సమానంగ నల్లబడితే ఎక్కువ లోడో, తక్కువ వోల్టేజో అయి ఉంటది. ఒక్క స్లాట్ల, ఒక్క కాడనే కరిగితే ఆడ ఇన్సులేషన్ తెగినట్టు. కాలిన మోటర్ ఉత్త చెత్త కాదు, ఏం రోగమొచ్చి సచ్చిందో అదే చెప్తది.

ఇద్దరం కలిసి బోరు కాడికి పోయినం. ఉస్తాద్ ఫ్యూజులు పీకి స్టార్టర్ మూత తీసిండు. లోపల ఒక కాంటాక్ట్ పాయింట్ అరిగి నల్లగైంది. ఫేజు పోతే మోటర్‌ను ఆపే ప్రివెంటర్‌ను పక్కకు తప్పించి వైరు డైరెక్టుగ కలిపిర్రు. "ఊకె ట్రిప్పైతున్నదని తీసేయించిన" అన్నడు మామ. అది ఊకె ట్రిప్పు కాలే. చెప్పవలసింది చెప్పింది, దాని నోరు మూసిర్రు.

చిన్న పాయింటుకు, ఒక్క ప్రశ్నకు తేలే పని అది. నేను అడగకపోతే మామకు రెండుసార్లు మోటర్ గుంజుడు కూలీ, రెండుసార్లు దించుడు కూలీ పడ్డది. పై మడిల వరి తాలు పోయింది. రెండోసారి ఉస్తాద్ మజూరి తీసుకోలే. మామ నన్ను ఒక్క మాట అనలే, గదే ఎక్కువ గుచ్చుకున్నది.

తర్వాత ఐటీఐల ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసిన. దుకాణంల చేతికి తెలిసింది ఆడ లెక్కల తెలిసింది. వోల్టేజ్ 415 నుంచి పది శాతం తగ్గితే మోటర్ తిప్పే బలం పది శాతమే తగ్గదు, దాదాపు 19 శాతం తగ్గుతది. బలం వోల్టేజ్ వర్గాన్ని బట్టి ఉంటది గాబట్టి. ఉస్తాద్ "లో వోల్టేజ్‌ల నడపకుర్రి" అని రైతులకు ఎందుకు చెప్పేటోడో గప్పుడు సమజైంది. లెక్క తెల్వని చెయ్యి గుడ్డిది, చెయ్యి కుదరని లెక్క కుంటిది.

ఇంకో సంగతి. 1961 అప్రెంటిస్ చట్టం కింద పని నేర్సుకుంటే స్టైపెండ్ ఉంటది, పరీక్ష పాసైతే సర్టిఫికెట్ ఉంటది. గని 2019ల మార్చిన రూల్స్ ప్రకారం 30 మంది, అంతకంటె ఎక్కువ ఉన్న సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే, 4 నుంచి 29 మంది ఉంటే వాళ్లిష్టం. మా దుకాణంల ఉన్నది ముగ్గురం. అంటే మండలాలల్ల ఉస్తాదుల దగ్గర పని నేర్సుకునే నా అసొంటోళ్లు ఆ లెక్కలకే రారు. పని వచ్చు, కాయితం లేదు. పట్నం పోయి కంపెనీ గేటు కాడ నిలవడితే అడిగేది కాయితమే. చిన్న దుకాణాలు నాలుగైదు కలిపి ఒక యూనిట్ లెక్క చూసే తొవ్వ సర్కారు ఎతకాలె.

అందాక తమ్ముళ్లు, చెల్లెండ్లు, దుకాణంల చేరుర్రి, ఐటీఐ సీటు మాత్రం ఇడువకుర్రి. రెండూ కావాలె. మొదటి నెల గీకుడు పని ఇస్తే మొకం మాడ్చుకోకుర్రి. ఏ ఫేజు కాలిందో చూడుర్రి, రాసుకోర్రి, ఎందుకు కాలిందని అడుగుర్రి. నా నోట్‌బుక్కుల ఇప్పుడు ప్రతి మోటర్‌కు మొదటి లైను చుట్ల లెక్క కాదు. "ఏది కాలింది? ఎందుకు?" అని ఉంటది. ఆ లైను నిండకుంట నేను వైరు కొయ్య.