ఒండ్రు వెంట ఒక జీవితము

తేరిన నీటిని వర్ణించిన కవులు మనకు పెక్కుమంది కలరు. కలక నీటిని కొలిచి చూచిన వారు మాత్రము ఏ దేశమునందైనను మిక్కిలి తక్కువ. ఆ కొద్దిమందిలో అగ్రగణ్యుడు హాన్స్ ఆల్బర్ట్ ఐన్‌స్టీన్. 1904వ సంవత్సరము మే 14వ తేదీన స్విట్జర్లాండులోని బెర్న్ నగరమున జన్మించిన ఈతడు, సాపేక్ష సిద్ధాంతకర్తయగు ఆల్బర్ట్ ఐన్‌స్టీనునకు పెద్దకొడుకు. తండ్రి ప్రస్తావన ఇంతటితో చాలును. ఏలయన నదులు మోసికొనిపోవు మట్టిని గూర్చి నేటి జలశాస్త్రజ్ఞులు ఆలోచించు తీరులో అధికభాగము ఈ కుమారుడు స్వయముగా ఆర్జించి పెట్టిన విత్తము.

జ్యూరిక్ నగరమునందలి సాంకేతిక విద్యాలయమున సివిల్ ఇంజనీరింగు చదివి, జర్మనీలోని డార్ట్‌మండ్‌లో కొన్నియేండ్లు ఉక్కు కట్టడముల పని చేసి, మరల ఆ విద్యాలయపు జలప్రయోగశాలకే చేరిన ఈ యువకుడు, కృత్రిమముగా కట్టిన కాలువలో రంగు పూసిన గులకరాళ్ళను విడిచి, ఏ రాయి ఎంతదూరము దొర్లినదో, ఎంతసేపు అడుగున నిలిచి మరల కదలినదో ఓపికతో లెక్కించెను. ఒక్కొక్క రాయి నడకను ముందుగా చెప్పుట అసాధ్యమైనను, వేలకొలది రాళ్ళ నడకను సంభావ్యతా గణితముచే చెప్పవచ్చునని, 1936లో తనకు డాక్టరేటు పట్టమును తెచ్చిన సిద్ధాంతవ్యాసమున ప్రతిపాదించెను.

1938లో అతడు అమెరికాకు వలసపోయి, దక్షిణ కరోలినా రాష్ట్రమందలి గ్రీన్‌విల్‌లో, ఆ దేశపు భూసంరక్షణ శాఖలో ఉద్యోగమున కుదురుకొనెను. పత్తిసాగుచే గుల్లబారిన అక్కడి ఎర్రనేలలు ప్రతి వానకును కోతపడి వాగులలో కలియుచుండెను. ఇద్దరు సహచరులతో కలిసి 1940లో అతడు ప్రకటించిన చిన్నవ్యాసము, నా దృష్టిలో, అతని పెద్ద గ్రంథముల కంటె గౌరవార్హమైనది. దాని సారమిది. ముతక ఇసుకకును ప్రవాహవేగమునకును సంబంధము కలదు. నీటి బలము తెలిసినచో ఏరు ఎంత ఇసుకను మోయగలదో లెక్కకట్టవచ్చును. సన్నని ఒండ్రు సంగతి అట్లు కాదు. అది అడుగున నిలువక, నీటితో కలిసి నేరుగా సాగిపోవును. ఏటికి దానిని మోయు శక్తి ఎల్లప్పుడును మిగిలియే యుండును. కావున దాని పరిమాణమును నిర్ణయించునది ఏటి బలము కాదు, పైనున్న నేల ఎంత మట్టిని వదలినదన్న విషయము. అనగా ఇసుక లెక్క ఏటిని అడుగవలెను. ఒండ్రు లెక్క పొలమును, కొండవాలును అడుగవలెను. ఆనకట్టలు కట్టు ప్రతి దేశమునకును ఇంతకంటె ఉపయుక్తమైన మాట మరియొకటి ఉన్నదని నేననుకొనను.

1947లో అతడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో ఆచార్యపదవిని స్వీకరించెను. 1950లో వెలువడిన అతని ప్రసిద్ధ రచన నదుల అడుగున కదలు ఇసుకను గూర్చినది. అది ఇంజనీర్లకు ప్రామాణిక గ్రంథమయ్యెను. అయితే ఒండ్రు చరిత్రకు ముఖ్యమైనది ఆ తరువాతి కాలము. బర్క్‌లీ ముంగిటనే శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతమున్నది. పందొమ్మిదవ శతాబ్దమున సియెర్రా నెవాడా కొండలలో బంగారము కొఱకు నీటిగొట్టములతో కొండవాలులనే కరిగించిరి. 1884లో న్యాయస్థానము నిషేధించువరకు ఆ మట్టి నదులలోనికి, అటనుండి ఈ అఖాతములోనికి దిగుచునే యుండెను. గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ విధ్వంసమును సాంగోపాంగముగా పరిశీలించి 1917లో వివరించినాడు. ఆ అఖాతపు బురదయే బర్క్‌లీ ప్రయోగశాలకు పరిశోధనాద్రవ్యమయ్యెను.

బంకమట్టి రేణువు ఇసుకరేణువునకు చిన్నరూపము మాత్రమే కాదు. 1851లో స్టోక్స్ అను శాస్త్రజ్ఞుడు చెప్పిన సూత్రము ప్రకారము, మిల్లీమీటరులో పదవవంతు వ్యాసముగల ఇసుకరేణువు నిశ్చలజలమున ఒక అడుగులోతు దిగుటకు నిమిషము పట్టదు. రెండు మైక్రానుల బంకరేణువునకు ఇంచుమించు ఒక దినము పట్టును. అంతియే కాదు, బంకరేణువుల ముఖములపై ఋణవిద్యుదావేశముండుటచే మంచినీటిలో అవి ఒకదానినొకటి దూరముగా నెట్టుకొనును. నది సముద్రమును కలియుచోట ఉప్పు ఆ వికర్షణను అణచివేయగా, రేణువులు తాకినచోటనే అంటుకొని గుచ్ఛములై త్వరితముగా దిగును. బిందెలోని కలకనీటిని పటికతో తేర్చు మన యింటి పద్ధతిలో జరుగునదియును ఇట్టిదే. ప్రవాహము మరీ ఉద్ధృతమైనచో ఆ గుచ్ఛములు మరల చెదరిపోవును.

ఐన్‌స్టీన్ మార్గదర్శకత్వమున పరిశోధించిన ఇమ్మాన్యుయేల్ పార్థినియాడిస్, ఐన్‌స్టీనుతోనే కలిసి పనిచేసిన రే క్రోన్, ఈ విషయమును అంకెలకు లొంగదీసిరి. నీటి రాపిడి ఒక పరిమితికి లోబడినప్పుడు మాత్రమే ఒండ్రు అడుగున నిలుచునని క్రోన్ చూపెను. ఐన్‌స్టీన్, క్రోన్ ఇరువురి పేర, ఉప్పునీటిలో బంకమట్టి నడకను గూర్చిన వ్యాసము 1962లో వెలువడినది. అఖాతపు బురదను కాలువలో పరచి, దానిపై ఉప్పునీటిని పారించిన పార్థినియాడిస్, కోత వేగము నీటిలో అప్పటికే తేలియాడు ఒండ్రు మోతాదుపై ఆధారపడదనియు, అడుగుమట్టికి సాధారణముగా కొలుచు దృఢత్వముతో దానికి సంబంధము స్వల్పమనియు కనుగొనెను. ఇసుకకు చెల్లు నియమములు బురదకు చెల్లవను సంగతి దీనితో స్థిరపడినది. ఓడరేవులలో పూడికను అంచనావేయు గణకయంత్ర నమూనాలలో క్రోన్, పార్థినియాడిస్‌ల సూత్రములు ఇప్పటికిని వాడుకలో నున్నవి.

హాన్స్ ఆల్బర్ట్ 1971లో పదవీవిరమణ చేసి, 1973లో కాలధర్మము చెందెను. అమెరికన్ సివిల్ ఇంజనీర్ల సంఘము అతని పేర ఒక పురస్కారమును నెలకొల్పినది.

అతడు 1940లో చెప్పిన మాట మన కృష్ణానదికి నేటికిని వర్తించును. శ్రీశైలము జలాశయము తొలుత 308 టీఎంసీల నీటిని పట్టునట్లు నిర్మింపబడినది. పూడికవలన ఆ సామర్థ్యము సుమారు 215 టీఎంసీలకు తగ్గినది. ఈ మట్టిని ఆనకట్ట వద్ద తవ్వి తీయుటను గూర్చిన చర్చయే మనకెక్కువ. అది ఏ వాలు నుండి, ఏ సాగునేల నుండి దిగినదో విచారించుట తక్కువ. వరద వచ్చినప్పుడు ఎన్ని క్యూసెక్కులు దిగినవో పత్రికలలో దినదినము చదువు పాఠకులు, ఆ నీటితో ఎన్ని టన్నుల ఒండ్రు దిగినదో కూడ ప్రకటింపుమని ప్రభుత్వములను అడుగవలెననియు, మన ఇంజనీరింగు కళాశాలలలో చదువు యువకులలో కొందరైనను ఈ శాస్త్రమును చేపట్టి, కృష్ణా గోదావరుల ఎర్రనీటికి తమ ఆయుష్షులో కొంతభాగమును ఇయ్యవలెననియు ప్రార్థించుచున్నాను.