గేర్లకు పొత్తు కుదుర్చుట

హైదరాబాదు పాతనగరమును చుట్టియుండిన ప్రాకారపు ద్వారములలో నేటికిని నిలిచియున్నవి రెండు మాత్రమే. ఒకటి పురానాపూల్ వద్దనున్నది, రెండవది దబీర్‌పురా దర్వాజా. ఆ దర్వాజా పరిసరములందలి వీథులలో, బీబీ కా అలావా మొదలుకొని లోకలు రైలు స్టేషను వరకు, పెద్ద వాహనములు మెసలలేని చోట్లనెల్ల సైకిలు అనాయాసముగా సాగిపోవును. అట్టి వీథులలో తిరుగు సైకిళ్లు రెండు తెగలు: బరువులు మోయుటకు పుట్టిన గేరులేని నల్లసైకిలు ఒకటి, చదువుకొను పిల్లలకొరకు కొన్నదియో, చేతులు మారి వచ్చినదియో అగు గేర్ల సైకిలు మరియొకటి. మొదటిదానిలో ఏ భాగము చెడినను ఏ చిన్న మరమ్మతు దుకాణమునందైనను బదులు దొరకును. రెండవదానికి గేరు చెడినప్పుడును, మెట్ట ఎక్కుటకు మరింత తేలికయైన గేరు కావలసివచ్చినప్పుడును, సెట్టు మొత్తము మార్చవలెనన్న మాట తరచుగా వినవచ్చును. ఆ మాట కొన్నియెడల సత్యమే గాని పెక్కుయెడల అనవసరమైన వ్యయమునకే దారితీయును. ఏ భాగము దేనితో పొసగునో నిర్ణయించునవి మిల్లీమీటర్లలో కొలువదగిన కొన్ని కొలతలు. వానిని ఎరిగినవాడు వేర్వేరు కంపెనీల భాగములను, వేర్వేరు కాలముల భాగములను నిర్భయముగా కలుపుకొనగలడు.

గేరులేని సైకిలు అంత సులభముగా బాగుపడుటకు హేతువును ముందుగా గ్రహింపవలయును. 1880లో మాంచెస్టరు నగరమందు హాన్స్ రెనాల్డ్ రూపొందించిన రోలరు చైనే నేటి సైకిలు చైనుకు మూలము. చైనులో ఒక పిన్నునుండి మరియొక పిన్నునకు గల దూరము అర్ధాంగుళము, అనగా 12.7 మిల్లీమీటర్లు, ఈ ఒక్క కొలతను లోకమంతయు అంగీకరించుటచేతనే ఒకరు చేసిన చైను మరియొకరు చేసిన పళ్లచక్రముపై కూర్చుండుచున్నది. ముందు 44 పళ్లును వెనుక 18 పళ్లును గల 28 అంగుళాల సైకిలు, పెడలు ఒక్కచుట్టు తిరుగునప్పటికి సుమారు 5.4 మీటర్లు ముందుకు పోవును. చదునునేలపై ఇది చక్కని నడక. చాదర్‌ఘాట్ వద్ద మూసీ దాటి బంజారాహిల్స్ మెట్టలకు పోవువానికి అదే నడక మోకాళ్లకు భారము. గేర్ల ప్రయోజనమంతయు ఈ భారమును తగ్గించుటలోనే కలదు.

చైనును ఒక పళ్లచక్రమునుండి మరియొకదానిపైకి త్రోయు డీరైలరును టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెమున 1937 నుండి అనుమతించిరి. అటుపిమ్మట దశాబ్దములపాటు గేరు మార్చుటకు మెట్లులేని సాదా మీట యుండెడిది. చైను చక్రముపై కుదురుగా కూర్చుండువరకు సవారియే దానిని కొంచెము ముందుకు వెనుకకు సర్దుకొనుచుండెను. ఆ కాలమున భాగముల పొత్తు గొప్ప సమస్య కాలేదు. కొలతలలోని తేడాను మానవహస్తమే పూరించెడిది. 1984లో జపానుకు చెందిన షిమానో కంపెనీ తన డ్యూరా-ఏస్ శ్రేణిలో ఒక్కొక్క టిక్కు శబ్దమునకు ఒక్కొక్క గేరు పడునట్టి షిఫ్టరును ప్రవేశపెట్టినది. ఆ సౌకర్యము అచిరకాలముననే లోకమంతట వ్యాపించినది. దానితోపాటే షిఫ్టరు, డీరైలరు, వెనుక పళ్లచక్రముల సముదాయము అను మూడును ఒకే లెక్కకు లోబడియుండవలసిన నిర్బంధమును ఏర్పడినది.

ఆ లెక్క మిక్కిలి చిన్నది. షిఫ్టరు ఒక్క టిక్కునకు కేబులును ఎంత లాగునో ఆ కొలతను, డీరైలరు ఆ లాగుడును ఎన్నిరెట్లుగా మార్చునో ఆ సంఖ్యచే, అనగా దాని రెట్టింపుచే, హెచ్చించినయెడల, వెనుకనున్న ఒక చక్రమునుండి దాని ప్రక్కచక్రమునకు గల దూరము రావలయును. ఏతపు మ్రానున ఒక కొన జానెడు కదలినచో మరియొక కొన మూరెడు లేచునట్లే, డీరైలరును తనకందిన కొద్దిపాటి కదలికను పెంచి చైనుకు అందించును. షిమానోవారి 8 గేర్ల షిఫ్టరు టిక్కునకు సుమారు 2.8 మిల్లీమీటర్లు లాగును. వారి పాత డీరైలర్ల రెట్టింపు సుమారు 1.7, లబ్ధము దాదాపు 4.8, అది 8 గేర్ల చక్రముల నడిమి దూరమే. 9 గేర్లలో షిఫ్టరు లాగునది సుమారు 2.5, చక్రముల దూరము 4.35, డీరైలరు రెట్టింపు మాత్రము ఆ 1.7 యే. కావున 8 గేర్లకని అమ్మిన షిమానో డీరైలరు 9 గేర్ల షిఫ్టరుతోను, 9 గేర్ల క్యాసెట్టు అను వెనుక పళ్లచక్రముల సముదాయముతోను చక్కగా పనిచేయును. గేర్లెన్నియో డీరైలరునకు తెలియదు. వానిని లెక్కించునది షిఫ్టరు ఒక్కటియే.

ఇందుకు విరుద్ధముగా, ఒకే కంపెనీ పేరును ఒకే గేర్ల సంఖ్యయు గల భాగములు పొసగకపోవుటయు కలదు. షిమానోవారి 10 గేర్ల కొండసైకిలు షిఫ్టరు టిక్కునకు సుమారు 3.4 మిల్లీమీటర్లు లాగును, దాని డీరైలరు రెట్టింపు 1.2, అదే కంపెనీ పాత 10 గేర్ల రోడ్డు సైకిలు షిఫ్టరు 2.3 లాగును, దాని డీరైలరు రెట్టింపు 1.7. ఒకదాని షిఫ్టరును మరియొకదాని డీరైలరుతో కలిపినచో ఏ గేరును కుదరదు. షిమానోవారి టియాగ్రా 4700 రోడ్డు సైకిలు శ్రేణియందు 10 గేర్లే యున్నను, దాని లాగుడు 11 గేర్ల రోడ్డు భాగముల లెక్కను అనుసరించును. అమెరికాకు చెందిన స్రామ్ కంపెనీ తన 9 గేర్ల భాగములలో, కేబులు ఎంత కదలునో డీరైలరును దాదాపు అంతే కదలు పద్ధతిని అవలంబించినది. కావున స్రామ్ షిఫ్టరునకు స్రామ్ డీరైలరే తగును. అయితే చక్రముల దూరము ఇంచుమించు సమానమగుటచే ఆ రెండింటికిని షిమానో 9 గేర్ల క్యాసెట్టును నిస్సంశయముగా జోడింపవచ్చును.

తరువాత చూడవలసినది వెనుక చక్రపు హబ్బు. తక్కువ ధర గేర్ల సైకిళ్లలో పెక్కింటికి ఫ్రీవీలు ఉండును. అది మరలవలె హబ్బుపై బిగియును. క్యాసెట్టు అట్లు కాదు. హబ్బులోనే ఇమిడియున్న గాళ్ల బొంగుపై చక్రములు తొడిగి, చివర ఒక వలయముతో బిగింతురు. షిమానో ఈ పద్ధతిని 1978లో తెచ్చినది. ఫ్రీవీలు హబ్బుపై క్యాసెట్టు ఎక్కదు, క్యాసెట్టు హబ్బుపై ఫ్రీవీలు బిగియదు. గేర్ల సంఖ్యను పెంచదలచినవారికి వెనుకచక్రమే మార్చవలసివచ్చుట సామాన్యముగా ఇందుచేతనే. క్యాసెట్టు హబ్బులలో 8, 9, 10 గేర్లకు ఒకే బొంగు సరిపోవును. 7 గేర్ల క్యాసెట్టును దానిపై ఎక్కించుటకు 4.5 మిల్లీమీటర్ల వలయము చేర్చిన చాలును. 11 గేర్ల రోడ్డు క్యాసెట్టునకు మాత్రము బొంగు 1.85 మిల్లీమీటర్లు అధికముగా కావలయును.

ఇక మెట్టలకు తేలికయైన గేరు కోరువానికి గేర్ల సంఖ్య పెంచుటయే మార్గము కాదు. ముందు 48, 38, 28 పళ్లును, వెనుక 14 నుండి 28 పళ్ల 7 గేర్ల ఫ్రీవీలును గల 26 అంగుళాల సైకిలును తీసికొందము. దాని మిక్కిలి తేలికయైన గేరులో పెడలు చుట్టునకు సైకిలు రెండు మీటర్ల పైచిలుకు సాగును. అదే హబ్బుపై 14 నుండి 34 పళ్ల 7 గేర్ల ఫ్రీవీలు బిగించినచో ఆ దూరము 1.7 మీటర్లకు దిగును. షిఫ్టరు మార్చనక్కరలేదు, కేబులు మార్చనక్కరలేదు. చూడవలసినవి మూడు. డీరైలరు 34 పళ్ల చక్రమును అందుకొనగలదా యన్నది మొదటిది. రెండవది దాని సామర్థ్యము: ముందు పళ్లలోని తేడా 20, వెనుక పళ్లలోని తేడా 20, వెరసి 40 పళ్లకు సరిపడు చైను వదులును డీరైలరు చుట్టుకొనవలయును, పొడవుచేయి గల డీరైలర్లకు ఇది సాధారణముగా సాధ్యమే. చైను పొడవు మూడవది. డీరైలరులోనుండి పోనీయక రెండు పెద్దచక్రములపై చుట్టి, ఆపైన ఒక్క అంగుళము మిగుల్చుట పెద్దలు పాటించు పద్ధతి.

చైను వెడల్పునందు ఉదాసీనత తగదు. 6, 7, 8 గేర్ల చైను బయటి వెడల్పు 7 మిల్లీమీటర్ల పైచిలుకు. 9 గేర్లదానికి సుమారు 6.6, 10 గేర్లదానికి సుమారు 5.9, 11 గేర్లదానికి సుమారు 5.5. కొలత వెనుక చక్రములనుబట్టి ఉండవలయును. వెడల్పయిన చైను ఇరుకు చక్రముల నడుమ రాచుకొనును. ముందు చక్రములు ఇంతకంటె సహనము గలవి. అరుగుదలనుగూడ కనిపెట్టుచుండవలయును: కొత్తచైనులో ఒక పిన్నునుండి దాని తరువాతి 24వ పిన్నువరకు గల దూరము సరిగా 12 అంగుళములు, అది అంగుళమున పదునారవవంతు పెరిగినంతనే చైనును మార్చినచో వెనుక చక్రములు బ్రదుకును. ఉపేక్షించి ఎనిమిదవవంతు పెరుగనిచ్చినచో చక్రములును అరిగిపోవును. అప్పుడు కొత్త చైను పాత పళ్లపై జారును.

ఏ లెక్కయు కుదరనప్పుడు చివరి ఉపాయము ఒకటి కలదు: మెట్లులేని సాదా మీట షిఫ్టరు. టిక్కు శబ్దము ఉండదు గాని, దాదాపు ఏ డీరైలరునైనను ఏ క్యాసెట్టునైనను చేతి నేర్పుతో కలుపును. పనికిరాదని మూలకు త్రోసిన సైకిలు దీనితో మరల వీథిలోనికి రాగలదు.

అమెరికాలో సైకిలు మరమ్మతుదారుగా జీవించిన షెల్డన్ బ్రౌన్ ఇట్టి కొలతలను పట్టికలుగా కూర్చి ఎల్లరకు ఉచితముగా అందించెను. 2008లో ఆయన మరణించినను ఆ పట్టికలు లోకమంతటి మరమ్మతుదారులకు నేటికిని ఆధారమైయున్నవి. మన వీథులలో సైకిలు విప్పి బిగించుట నేర్చిన చేతులకు కొదువలేదు. వానికి అందవలసినది ఈ కొలతల పట్టిక. చక్రముల దూరము, లాగుడు, రెట్టింపు, చైను వెడల్పు అను నాలుగింటిని తెలుగునను ఉర్దూనను ఒక్క కాగితముపై అచ్చొత్తి దుకాణపు గోడకు అంటించినచో, పాతనగరమున ఎన్నియో గేర్ల సైకిళ్లు ఒక్క ఫ్రీవీలు ఖర్చుతోనో, ఒక్క చైను ఖర్చుతోనో బాగుపడును. సెట్టు మొత్తము కొనగల స్తోమతు లేని ఇంటిలోని విద్యార్థికి ఆ వ్యయభేదమే సైకిలు ఉండుటకును లేకుండుటకును గల భేదము.