శిలలలో దాగిన దిక్సూచి

ఒక పర్వతశ్రేణి పుట్టిన నాటి దిశలోనే నిలిచి ఉన్నదా, లేక కాలక్రమాన పక్కకు తిరిగినదా? ఈ సంగతి తేల్చగల సాక్షి శిలలోని అయస్కాంతమే.

శిలాద్రవం చల్లారి 580 డిగ్రీల సెల్సియస్ కంటె దిగువకు రాగానే, అందులోని మాగ్నటైట్ రేణువులు నాటి భూ అయస్కాంత క్షేత్రపు దిశను తమలో నిలుపుకొంటాయి. ఆ దిశ నేలకు ఎంత వంగి ఉన్నదో చూస్తే, ఆనాడు ఆ ప్రదేశం ఏ అక్షాంశంలో ఉండేదో తెలుస్తుంది. ఉత్తరం నుండి ఎంత తొలగినదో చూస్తే, ఆ నేల ఎంత తిరిగినదో తెలుస్తుంది.

హిమాలయాల వంటి పర్వతాలలో భూపటలపు పలకలు ఒకదానిపైకి మరొకటి ఎగదోయబడ్డాయి. పలక ఒక కొన చిక్కుకొని, రెండవ కొన ముందుకు సాగితే, బందుపై తలుపు తిరిగినట్లు పలక అంతా తిరుగుతుంది. ఎంత తిరిగినదో కొలవాలంటే తిరగని నేల ఒకటి కావాలి. ఒకే వయస్సు గల శిలలను రెండు చోట్లా తీసి పోల్చినపుడు కనబడే కోణభేదమే భ్రమణం.

అటువంటి స్థిరమైన ప్రాచీన భూఖండాలలో ఒకటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బీజాపూర్‌ను కలుపుకొన్న బస్తర్. గోదావరి లోయకు ఆవల ఉన్నది ధార్వాడ ఖండం. మరి ఈ రెండూ ఒకదాని పట్ల మరొకటి తిరిగినవా?

దక్షిణ బస్తర్‌లో పగుళ్ళ వెంట పైకి వచ్చి గోడల వలె గడ్డకట్టిన నల్లరాతి డైకులు వాయవ్యం నుండి ఆగ్నేయానికి సాగుతాయి. 2008లో ప్రకటించిన పరిశోధన వీటిలో రెండింటి వయస్సు సుమారు 189 కోట్లు, 188 కోట్ల సంవత్సరాలని నిర్ణయించింది. కడప ప్రాంతంలోని పులివెందుల వద్ద పొరల నడుమ చొరబడిన శిల వయస్సు కూడా ఇంచుమించు అంతే. 2011లో ఫ్లారిడా విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ మీర్ట్ బృందం బస్తర్, ధార్వాడ డైకుల అయస్కాంత దిశలను పోల్చి చూసింది. దిశలు చాలవరకు ఏకీభవించాయి. నాటికే ఈ రెండు ఖండాలు ఒకదాని చెంత మరొకటి ఉండేవని, అవి భూమధ్యరేఖకు సమీపంలో ఉండేవని దీనివల్ల స్ఫురిస్తున్నది.

అయితే రాతి సాక్ష్యాన్ని గుడ్డిగా నమ్మరాదు. బస్తర్ తూర్పు అంచుపైకి తూర్పు కనుమల శిలలు ఎగదోయబడ్డాయి. ఇటువంటి చోట్ల పుట్టే వేడిమి పాత అయస్కాంతత్వాన్ని చెరిపి, కొత్త దిశను ముద్రించగలదు. అందుచేత శాస్త్రజ్ఞులు నమూనాను దశలవారీగా వేడిచేసి, తరువాత అంటిన ముద్రను తొలగిస్తారు. డైకు వేడికి కాలిన పక్కశిలలో డైకు దిశయే ఉండి, దూరాన ఉన్న కాలని శిలలో వేరొక దిశ ఉంటే, ఆ ముద్ర డైకు పుట్టిన నాటిదేనని విశ్వసిస్తారు.

ఈ పరీక్షలకు నిలిచిన శిలయే కొలబద్ద కాగలదు. తిరగని నేల దృఢంగా తెలిసినపుడే తిరిగిన పర్వతం కథ తెలుస్తుంది.