మా ఉద్యోగాలు లాక్కున్నది ఎవరు? 1909లో ఒక ఈజిప్టు టీచర్ అడిగిన ప్రశ్న

ఏఐ వచ్చి మన ఉద్యోగాలు తినేస్తుందా అని రోజూ నన్ను అడుగుతుంటారు కదా. ఇవాళ అదే భయాన్ని వందేళ్ల కిందటి కైరోకి తీసుకెళ్లి చూద్దాం.

మలక్ హిఫ్నీ నాసిఫ్. 1886లో కైరోలో పుట్టింది. 1900లో ప్రైమరీ సర్టిఫికెట్ అందుకున్న మొదటి బ్యాచ్ ఈజిప్టు అమ్మాయిల్లో ఈమె ఒకరు. తర్వాత సనియ్యా స్కూల్లో ట్రైనింగ్ అయ్యి టీచర్ అయింది. 1907లో పెళ్లి. భర్త ఫయూమ్ ప్రాంతంలో ఒక తెగకి పెద్ద. అక్కడికి వెళ్లాక తెలిసింది, ఆయనకి అప్పటికే భార్య ఉందని, కూతురు కూడా ఉందని! చదువు ఉంది, ఉద్యోగం చేసిన అనుభవం ఉంది, అయినా తన జీవితం గురించి ఇంత ముఖ్యమైన విషయం తనకి ఎవరూ చెప్పలేదు.

ఆమె పెన్ను పట్టుకుంది. 'బాహిసత్ అల్ బాదియా', అంటే ఎడారిలో అన్వేషించే స్త్రీ అనే పేరుతో అల్ జరీదా పత్రికకి రాసింది. 1910లో ఆ వ్యాసాలు, ప్రసంగాలు 'అల్ నిసాఇయ్యాత్' అనే పుస్తకంగా వచ్చాయి.

అందులో నాకు బాగా నచ్చింది 1909లో ఆడవాళ్ల సభలో చేసిన ప్రసంగం. అమ్మాయిలు చదివితే మా ఉద్యోగాలు పోతాయని మగవాళ్ల గోల. ఆమె దాన్ని తిరగేసింది. నూలు వడికింది మేము, బట్ట నేసింది మేము, పిండి విసిరింది మేము. మిషన్లు కనిపెట్టి ఆ పనులన్నీ తీసేసింది ఎవరు? మీరే కదా! మిషన్లు వద్దని ఆమె అనలేదు, అది గమనించండి. పని పోయి టైమ్ మిగిలింది, ఆ టైమ్‌లో చదువుకుంటే తప్పేంటి అంది. నిజం చెప్పాలంటే, మన ఏఐ డిబేట్లలో ఇంత సూటి లాజిక్ నేను వినలేదు.

అదే ప్రసంగంలో పది డిమాండ్లు పెట్టింది. అమ్మాయిలకి మత విద్య ఉండాలి, ప్రైమరీ చదువు తప్పనిసరి కావాలి. ఇంటి నిర్వహణతో పాటు ఆరోగ్యం, ప్రథమ చికిత్స, పిల్లల పెంపకం నేర్పాలి. దేశంలోని ఆడవాళ్ల అవసరాలకి సరిపడా అమ్మాయిలని వైద్యంలో, టీచింగ్‌లో తీసుకోవాలి. ఇవి కాక వేరే ఏ పైచదువు చదవాలన్నా అడ్డు చెప్పకూడదు. ముసుగు వెంటనే తీసేయాలన్న వాళ్లతో మాత్రం ఆమె ఒప్పుకోలేదు. ముందు చదువు రావాలి, మిగతావి తర్వాత అనేది ఆమె లైన్. ఇక్కడ ఆమెతో గొడవపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ ఏం వేసుకోవాలో మగవాళ్లు ఆర్డర్ వేయడం ఏంటని చిరాకుపడ్డ మనిషి కూడా ఆమే.

1911లో హీలియోపోలిస్‌లో ఈజిప్షియన్ కాంగ్రెస్ జరిగింది. ఆమె డిమాండ్లు అక్కడికి వెళ్లాయి, ఆమె వెళ్లలేదు. ఆడవాళ్లకి మాట్లాడే చోటు లేదు కాబట్టి, ఒక మగాయన వాటిని చదివి వినిపించాడు.

1918లో ఫ్లూ వచ్చి చనిపోయింది. 31 ఏళ్లు. అంటే నాకంటే రెండు మూడేళ్లు పెద్దది, అంతే.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో నబవియా మూసా గురించి మాట్లాడుకుందాం. 1907లో సెకండరీ పరీక్ష రాసిన మొదటి ఈజిప్టు అమ్మాయి.