మధ్యంతర తీర్పు, బెల్లం ధారణి: 1980 చెప్పిన లెక్క

దేవరాపల్లి: ఢిల్లీలో ప్రభుత్వం పడిపోయి మధ్యంతర ఎన్నికల మాట వినిపించగానే బజారులో ఒకే ప్రశ్న తలెత్తుతుంది. సరకు పట్టి వుంచాలా, వదిలించుకోవాలా? ఫలితాలు వెలువడిన మర్నాడు ధర పడుతుందని కొందరు, పుంజుకొంటుందని కొందరు పందెం కాసినట్లు మాట్లాడతారు. ఈ పందెంలో గెలిచినవారికంటె నష్టపోయినవారే ఎక్కువ. కారణం తెలియాలంటే 1980 జనవరి ఎన్నికలను బెల్లం వర్తకుని కంటితో ఒకసారి చూడాలి.

అప్పట్లో దేవరాపల్లి విశాఖపట్నం జిల్లా చోడవరం తాలూకాలోది. 2022 నుంచి ఇది అనకాపల్లి జిల్లాలో వుంది. శారదా నది పరీవాహకంలోని ఈ ప్రాంతపు చెరకు రైతుకు ఆనాడు రెండు దారులు వుండేవి. గోవాడలోని చోడవరం సహకార చక్కెర కర్మాగారానికి చెరకు తోలడం ఒకటి, సొంత గానుగ ఆడించి బెల్లం వండి అనకాపల్లి మార్కెట్టుకు దిమ్మలు పంపడం రెండోది. ఏ దారి లాభమో రైతు ఆ యేటి ధరలనుబట్టి తేల్చుకొనేవాడు. ఎన్నికల కథంతా ఈ రెండు దారుల మధ్యనే నడిచింది.

పతనం, పోలింగు, తీర్పు

1979 జూలైలో మొరార్జీ దేశాయి జనతా ప్రభుత్వం రాజీనామా చేసింది. చరణ్‌సింగ్ ప్రధాని అయినా లోక్‌సభ విశ్వాసం పొందకుండానే ఆగస్టు 20న తప్పుకొన్నారు. ఆగస్టు 22న రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి లోక్‌సభను రద్దు చేశారు. 1980 జనవరి 3, 6 తేదీలలో పోలింగు జరిగింది. 529 స్థానాలలో కాంగ్రెస్ (ఐ)కి 353 దక్కాయి. సంక్రాంతి పండుగ రోజుల్లోనే, జనవరి 14న, శ్రీమతి ఇందిరాగాంధీ తిరిగి ప్రధానిగా ప్రమాణం చేశారు. ఆమె రాయ్‌బరేలీతోపాటు మన మెదక్‌లోను గెలిచి, మెదక్ స్థానాన్నే వుంచుకొన్నారు.

ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాలలో 41 కాంగ్రెస్ (ఐ)కి వచ్చాయి. పార్వతీపురం ఒక్కటే కాంగ్రెస్ (యు) ఖాతాలో పడింది. 1977లో కూడా ఇక్కడ కాంగ్రెస్‌కు 41 వచ్చిన సంగతి విదితమే. అంటే మన రాష్ట్రం తన తీర్పు మార్చుకోలేదు, మారింది ఉత్తరాది. అక్కడ ఓటరును కదిలించిన వాటిలో ఉల్లిపాయ ధర ఒకటి. ఆ ఎన్నికకు ఉల్లి ఎన్నిక అనే పేరే మిగిలింది. ఉల్లి వెంట చక్కెర, బెల్లం కూడా మండిపోతున్నాయి.

కొరతకు మూలం పొలంలో

ఈ మంటకు నిప్పు రెండేళ్ళ ముందే పడింది. 1977-78లో దేశంలో చెరకు దిగుబడి సుమారు 17.7 కోట్ల టన్నులు. చక్కెర ఉత్పత్తి 64.6 లక్షల టన్నులు. సరకు వెల్లువలా వచ్చింది, ధర జారింది. 1978 ఆగస్టులో జనతా ప్రభుత్వం చక్కెరపై కంట్రోలు పూర్తిగా ఎత్తివేయడంతో చక్కెర ఇంకా చవకయింది. చక్కెర చవకయితే బెల్లం నిలబడదు. గిట్టుబాటు కాని రైతు చెరకు తగ్గించి వేరే పంటకు మళ్ళాడు. ఆపైన 1979లో వానలు ఎగగొట్టాయి. ఆహారధాన్యాల దిగుబడి ముందు యేటి 13.2 కోట్ల టన్నుల నుంచి 11 కోట్లకు దిగిపోయింది. చెరకు 15.2 కోట్ల టన్నుల నుంచి 12.9 కోట్లకు తగ్గింది.

ఇక్కడ ఒక అంకె గమనార్హం. 1979-80లో చెరకు తగ్గింది నూటికి 15 వంతులు. చక్కెర మాత్రం 58.4 లక్షల టన్నుల నుంచి 38.6 లక్షలకు, అంటే నూటికి 34 వంతులు పడిపోయింది. తేడా ఎక్కడికి పోయింది? పాలు తగ్గిన చెరకు వల్ల కొంత పోయింది. ఎక్కువ భాగం గానుగలకు, ఖండసారీకి తరలిపోయింది. కొరత యేట బెల్లం వండేవాడు రొక్కం చేతిలో పెట్టి చెరకు కొంటాడు. ఫ్యాక్టరీ నిర్ణీత ధర దాటి ఇవ్వడానికి వెనుకాడుతుంది. కనుక కొరత వచ్చినప్పుడు ముందు ఎండేది ఫ్యాక్టరీ, తర్వాతే గానుగ. బెల్లం వర్తకుడు అనకాపల్లి రాబడులు ఒక్కటే చూసి లాభం లేదు. ఫ్యాక్టరీ ఎన్ని రోజులు ఆడుతున్నదో కూడా చూడాలి.

చట్టం పోలింగుకు ముందే మారింది

ఎన్నికలయ్యాక కొత్త ప్రభుత్వం వచ్చి కంట్రోళ్ళు పెడుతుందని, అంతదాకా ఢోకా లేదని ఆనాడు అనుకొన్నవారు పొరబడ్డారు. ఆపద్ధర్మ ప్రభుత్వం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. నిత్యావసర సరకుల బ్లాకుమార్కెటింగు నిరోధానికి 1979 అక్టోబరులో ఆర్డినెన్సు జారీ చేసింది. దానికింద విచారణ లేకుండానే వర్తకుని ఆరు నెలల వరకు నిర్బంధించవచ్చు. డిసెంబరు 17న చక్కెరపై పాక్షిక కంట్రోలు తిరిగి పెట్టింది. ఉత్పత్తిలో 65 వంతులు లెవీకి, 35 వంతులు బహిరంగ విపణికి అని నిర్ణయించింది. ఓట్లు పడటానికి అప్పటికి మూడు వారాలు కూడా లేదు.

ఓడిన ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సును గెలిచిన ప్రభుత్వం తీసి పారేయలేదు. 1980లోనే చట్టంగా మార్చింది. 1981లో నిత్యావసర సరకుల చట్టానికి ప్రత్యేక నిబంధనలు చేర్చి ఇంకా బిగించింది. పార్టీలు మారినా వర్తకునిపై నిఘా మాత్రం మారలేదు. ధర మండుతున్నప్పుడు గోదాములో సరకు వున్నవాడు ఏ పార్టీ కంటికైనా ముందుగా కనబడతాడు. చక్కెర లెవీ 2013లో రద్దయింది. నిత్యావసర సరకుల చట్టం, నిల్వలపై పరిమితులు విధించే అధికారం మాత్రం అలాగే వున్నాయి.

తీర్పు తరువాత ఏమయింది?

353 స్థానాల బలమైన ప్రభుత్వం వచ్చింది కనుక ధరలు దిగుతాయని బజారు ఆశించడంలో ఆశ్చర్యం లేదు. కాని ప్రభుత్వం ఢిల్లీలో ప్రమాణం చేస్తే పొలంలో చెరకు మొలవదు. జనవరికి మన వైపు గానుగలు జోరుగా ఆడుతుంటాయి. ఆ యేటి పంట ఎంతో అప్పటికే తేలిపోయింది. మంచి ధర చూసిన రైతు ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ లోపల కొత్త మొక్క నాటితే అది గానుగకు వచ్చేది మళ్ళీ శీతాకాలానికే. ఆ పైయేడు దాని కార్శి వస్తుంది.

అంకెలు కూడా అదే చెబుతున్నాయి. 1979-80లో టోకు ధరలు సుమారు 17 శాతం పెరిగితే, కొత్త ప్రభుత్వపు తొలి సంవత్సరమైన 1980-81లో 18 శాతం పెరిగాయి. ఇరాన్ విప్లవం తరువాత చమురు ధర చుక్కలనంటడం కూడా ఇందుకు తోడయింది. చక్కెర ఎగుమతి చేసిన దేశం 1980లో దిగుమతి చేసుకోవలసి వచ్చింది. చక్కెర ఉత్పత్తి 1980-81లో 51.5 లక్షల టన్నులకు కోలుకొని, 1981-82లో ఒక్కసారిగా 84.4 లక్షల టన్నులకు ఎగబాకింది. బజారుకు నిజమైన తీర్పు అది. ఓటరు చెప్పిన రెండేళ్ళకు చెరకు రైతు చెప్పాడు.

1971 అనుభవమూ వేరు కాదు. మన దేశంలో తొలి మధ్యంతర లోక్‌సభ ఎన్నిక అది. ఇందిరాగాంధీ నాయకత్వాన కాంగ్రెస్‌కు 352 స్థానాలు వచ్చాయి. తిరుగులేని బలం వున్నా 1972 అనావృష్టిని, 1973 చమురు సంక్షోభాన్ని అది ఆపలేకపోయింది. 1973-74లో టోకు ధరలు 20 శాతం పెరిగాయి.

నిల్వకు అయ్యే ఖర్చు

ఫలితాలకోసం సరకు పట్టివుంచే వర్తకుడు ఒక లెక్క వేసుకోవాలి. ఉదాహరణకు, క్వింటాలు 4,000 రూపాయల చొప్పున 100 క్వింటాళ్ళ బెల్లం కొన్నాడనుకొందాం. పెట్టుబడి 4 లక్షలు. నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ అయితే మూడు నెలలకు 18,000. గోదాము అద్దె, హమాలీ కలిపి 5,000 వేసుకొందాం. మొత్తం 4,23,000. చెమ్మకు కారిన బెల్లం, తరుగు నూటికి మూడు పోతే అమ్మకానికి మిగిలేది 97 క్వింటాళ్ళు. అసలు రాబట్టుకోవాలంటే క్వింటాలు సుమారు 4,361 రూపాయలు పలకాలి. అంటే ధర నూటికి తొమ్మిది పెరిగినా వర్తకునికి మిగిలేది ఏమీ లేదు. దిమ్మ రంగు మారితే వచ్చే కోత ఈ లెక్కలో లేదు. నిల్వ పరిమితి ఉత్తర్వు వస్తే గడువులోగా తెగనమ్మక తప్పదు. అప్పుడు కొనేవాడు చెప్పిందే ధర.

గమనించవలసినవి

ఎన్నికల వేళ రేడియో వార్తలకంటె ముందు చూడవలసినవి మూడు. ఒకటి, గడచిన రెండేళ్ళలో రైతు చెరకు విస్తీర్ణం పెంచాడా, తగ్గించాడా. రెండు, చెరకు ఫ్యాక్టరీకి పోతున్నదా, గానుగకు పోతున్నదా. మూడు, ఆపద్ధర్మ ప్రభుత్వం ఏ ఉత్తర్వు తెస్తున్నది. ఈ మూడూ కొరతనే చూపితే ఎవరు గెలిచినా ధర వెంటనే దిగదు. సమృద్ధిని చూపితే ఎవరు గెలిచినా నిలబడదు.

ఫలితాల రోజున బజారు కాస్త ఊగడం సహజం. ఆ ఊపులో చిన్న లాభం తీసుకొనేవారు తీసుకోవచ్చు. అప్పు తెచ్చి నెలల తరబడి నిల్వ చేసేవారు మాత్రం ఓట్ల లెక్కకు ముందు శారదా ఒడ్డున నాట్ల లెక్క తీయడం మంచిది.